కారణం గడి

ఆగస్టు పద్దెనిమిదో తేదీ, మంగళవారం, ఉదయం పదిన్నర గంటలకు గణాంక శాఖ కార్యాలయంలో, పై అంతస్తునున్న పొడవాటి బల్ల గదిలో, ధరల సూచీ సమీక్షా సమావేశం జరిగింది. హాజరైనవారు నలుగురు: ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన ఉపసంచాలకురాలు; నూలుమిల్లు యాజమాన్యం తరఫున అకౌంటెంటు; మిల్లు కార్మిక సంఘం తరఫున కార్యదర్శి; ధరలు నమోదు చేసే ఉద్యోగి. హాజరుపట్టీలో చేరకపోయినా సమావేశం ఆసాంతం ఎడతెరిపి లేకుండా మాట్లాడింది మాత్రం పైనున్న ఫ్యాను.

నాలుగో వ్యక్తిని ఊరంతా ధరల మాస్టారు అంటారు. ఆయన ఏనాడూ ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాడు. అయితే చంకలో సంచీ, చెవిమీద ఎర్ర పెన్సిలు, కళ్ళజోడు మీదుగా చూసే చూపు, జవాబు పూర్తయ్యేదాకా ఎదుటివాణ్ణి కదలనివ్వని పద్ధతి ఉన్న మనిషిని మాస్టారు అనక మరేమంటారు? ముప్పై ఒక్క సంవత్సరాలుగా ప్రతి నెలా ఐదో తేదీన ఆయన పదకొండు దుకాణాలు తిరిగి నలభై రెండు వస్తువుల ధరలు అడిగి ఫారంలో రాసుకొంటాడు. ఆ ఫారం ప్రధాన కార్యాలయానికి వెళ్ళి సూచీ అనే ఒకే ఒక్క అంకెగా మారి తిరిగి వస్తుంది. ఆ అంకె పెరిగితే నూలుమిల్లులో పద్దెనిమిది వందల మందికి జీతంతో పాటు ఇచ్చే కరువు భత్యం పెరుగుతుంది. పెరగకపోతే పెరగదు. అంటే మాస్టారి పెన్సిలు కదిలితేనే పద్దెనిమిది వందల జీతాలు కదులుతాయి. గత పద్నాలుగు నెలలుగా ఆ పెన్సిలు రాసిన అంకెలే రాస్తోంది.

సమావేశం మొదలుకాగానే మాస్టారు అలవాటు ప్రకారం లేచి నిలబడ్డాడు.

"ఇక్కడున్న కార్యదర్శి గారు నా భార్యకు తమ్ముడు. బంధుత్వం ఉన్నప్పుడు ముందే తెలియజేయాలని నిబంధన. తెలియజేస్తున్నాను."

"పన్నెండోసారి," అన్నాడు కార్యదర్శి. "మా అక్క పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది మేడమ్. ఈయన ఇంకా ఆ సంగతి అందరికీ చెప్పుకొంటూనే ఉన్నాడు."

ఉపసంచాలకురాలు నవ్వింది. నలభై దాటని మనిషి, చురుకైనది, ఆమె ముందు నలభై పేజీల నివేదిక ఒకటి అందంగా కుట్టి ఉంది. తాను తప్పులు పట్టడానికి రాలేదనీ, అభినందించడానికి వచ్చాననీ ఆమె చెప్పింది. దేశమంతటా ధరలు మండుతూంటే ఈ ఒక్క ఊళ్ళో పద్నాలుగు నెలలుగా చెక్కుచెదరకుండా ఉండడం ప్రధాన కార్యాలయాన్ని ముందు కంగారు పెట్టి, తరువాత ఆశ్చర్యపరచి, చివరకు గర్వపడేలా చేసిందట. వచ్చే నెలలో ఇరుగుపొరుగు దేశాల ఆర్థికవేత్తల సదస్సు ఉంది. వడ్డీ రేట్లు పెంచి పెంచి అలసిపోయిన తొమ్మిది దేశాల వారి ముందు ఈ ఊరిని ఆదర్శంగా నిలబెట్టాలని ఆమె ఆలోచన. ఈ స్థిరత్వానికి ఆమె నివేదికలో తొమ్మిది కారణాలు ఉన్నాయి: ఆరోగ్యకరమైన పోటీ, పొట్టి సరఫరా గొలుసు, విచక్షణ గల వినియోగదారులు, ఇలా ఇంకో ఆరు.

"కావలసింది ఒకే ఒక్క సంతకం," అని ఆమె ఒక కాగితాన్ని మాస్టారి వైపు జరిపింది. "ఈ పద్నాలుగు నెలల ధరలు స్వయంగా విచారించి రాశాననీ, ఇవే నిజమైన ధరలనీ ధ్రువీకరణ. శుక్రవారం మళ్ళీ కలుద్దాం. అప్పటికి సంతకం చేసి ఇవ్వండి."

అకౌంటెంటు గొంతు సవరించుకొన్నాడు. "ఆ ధ్రువీకరణ వచ్చాక, నిబంధనల ప్రకారం మూడేళ్ళపాటు భత్యం గురించి మళ్ళీ కూర్చోనక్కర్లేదు కదండీ?"

"అక్కర్లేదు."

అకౌంటెంటు ముఖంలో వెలుగు చూసి కార్యదర్శి కుర్చీలోంచి లేచాడు. "మూడేళ్ళా? మేడమ్, నా కాలికున్న చెప్పులు చూడండి. పోయినేడు కొన్న ధరకు ఇప్పుడు ఒక కాలికే వస్తుంది. రెండో కాలు ఇంట్లో పెట్టి రమ్మంటారా?"

"ఆధారం ఉందా?" అన్నది ఆమె మృదువుగా.

"ఆధారం ఇక్కడే కూర్చుని ఉంది. అడగండి మా బావని."

అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన ఫారాల కట్ట విప్పి, ఇరవై రెండో వరుస మీద పెన్సిలు ఆనించి, చదివాడు: "చెప్పులు, తోలువి, మగవారివి, సాధారణ రకం. పద్నాలుగు నెలలుగా మార్పు లేదు."

కార్యదర్శి కూలబడ్డాడు. ఫ్యాను తన అభిప్రాయం తాను చెబుతూనే ఉంది.

*

సాయంత్రం ఐదింటికి మాస్టారు ఇల్లు చేరేసరికి ఆయన వెనకే బావమరిది కూడా వచ్చాడు. సమావేశంలో కార్యదర్శి గారు, ఇంట్లో ఒరేయ్. ఈ విభజనను మాస్టారు ఏనాడూ తారుమారు చేయలేదు.

"అక్కా, నీ మొగుడు మూడేళ్ళకు మా నోట మట్టికొట్టడానికి కాగితం పట్టుకొచ్చాడు, చూడు," అన్నాడు బావమరిది గుమ్మంలోనే.

"ఒరేయ్, కాగితం మడతపడుతుంది, ముట్టుకోకు," అన్నాడు మాస్టారు.

ఆయన భార్య రెండు గ్లాసుల టీ తెచ్చింది. తమ్ముడికి ఒకటి, భర్తకు ఒకటి. మాస్టారు తన గ్లాసు ఎత్తబోయి ఆగాడు. బావమరిది చేతిలోని గ్లాసు కన్నా అది రెండు వేళ్ళు పొట్టిగా ఉంది.

"నాదెందుకు చిన్నది?"

ఆమె లోపలికి వెళ్ళి ఇంకొక గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. తమ్ముడి చేతిలోది లాక్కొని దాని పక్కన పెట్టింది. మూడు గ్లాసులూ ఎత్తు ప్రకారం నిలబడ్డాయి: పెద్దది, నడిమిది, చిన్నది.

"ఇది పోయినేడు వేసవిలో మీరు తాగింది. ఇది చలికాలంలో తాగింది. ఇది ఇప్పుడు తాగుతున్నది. ఇంటి ఖర్చుకి మీరు మీ సూచీ ప్రకారం ఇస్తారు కదా. సూచీ కదల్లేదు. మీరిచ్చే డబ్బు కదల్లేదు. అందుకని గ్లాసు కదిలింది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. ఆరుసార్లు చెప్పాను. ఒక ఇంటి అనుభవం సాక్ష్యం కాదన్నారు. నేను మీ లెక్కలోకి రానుగా!"

బావమరిది తన గ్లాసు తిరిగి లాక్కొని తృప్తిగా చప్పరించాడు. "బంధువులకు మాత్రం పాత గ్లాసే. మా అక్క మర్యాద తెలిసిన మనిషి."

మాస్టారు చిన్న గ్లాసు పైకెత్తి, అడుగు చూసి, అంచు చూసి కింద పెట్టాడు. నలభై రెండు వస్తువులను ముప్పై ఒక్కేళ్ళుగా గమనించిన మనిషి రోజూ రెండుసార్లు పెదవికి ఆనించే దాన్ని గమనించలేదు. అయినా పట్టు విడవలేదు.

"నువ్వు కొనే దుకాణాలు వేరు, నేను అడిగే దుకాణాలు వేరు. అక్కడ ధర అక్కడిది."

"అసలు ఆ పదకొండు దుకాణాల్లో నువ్వెప్పుడైనా ఒక్క వస్తువు కొన్నావా బావా?"

"కొనకూడదు. కొంటే మొహమాటం ఏర్పడుతుంది. నమోదు చేసేవాడు కొనుగోలుదారు కాకూడదు."

"నిబంధనా?"

"నిబంధన కాదు. నేను పెట్టుకొన్న నియమం."

"అయితే ఒక్కసారి నియమం తప్పు. రేపు వెళ్ళి ఏదో ఒకటి నీ ఫారంలో ఉన్న ధరకి కొను. ఇచ్చారా, శుక్రవారం నువ్వు సంతకం పెడుతుంటే నేను పెన్ను పట్టుకుంటా. మిల్లు గేటు ముందు నిలబడి మా వాళ్ళకి నేనే చెబుతా, మన కడుపులే అబద్ధం చెబుతున్నాయి, మా బావ ఫారం నిజం అని. ఇవ్వలేదా..."

"ఇవ్వకపోతే?"

బావమరిది ఎగతాళి మాని, గ్లాసు కింద పెట్టాడు. "ఇవ్వకపోతే ఏం చెయ్యాలో నేను చెప్పను బావా. నీకు తెలుసు."

మాస్టారికి ఉద్యోగ విరమణ ఇంకా ఏడు నెలలు. ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఆయన పంపిన ఫారం ఒక్కటి కూడా తప్పుల కారణంగా తిరిగి రాలేదు. ఆ సంగతిని ప్రశంసిస్తూ వచ్చిన ఉత్తరం బీరువాలో, పెళ్ళి ఫొటో కింద, ఫొటో కన్నా జాగ్రత్తగా ఉంది. పద్నాలుగు ఫారాలు తప్పని తేలితే పద్నాలుగూ తిరిగి వస్తాయి. అంత కట్ట ఒకేసారి తిరిగి రావడం ఆ శాఖలో ఎవరూ ఎరుగరు.

*

బుధవారం ఉదయం మబ్బు పట్టింది. అందువల్లనో, ఫారంలో నలభై ఒకటో వరుస మీద కన్ను పడడం వల్లనో, మాస్టారు గొడుగుల దుకాణానికి వెళ్ళాడు. నలభై ఒకటో వరుస ఇది: గొడుగు, నల్లది, ఎనిమిది ఊచలది, వంకీ తిరిగిన చెక్క పిడి, నూట ఎనభై.

దుకాణం నడిపే ఆవిడ గోరువంకలా కబుర్లు చెప్పే మనిషి. ఆయనను చూడగానే కంగారుగా గోడనున్న క్యాలెండరు వైపు చూసింది.

"ఇవాళ ఐదో తారీకు కాదు కద సార్!"

"కాదమ్మా. ధర అడగడానికి రాలేదు. కొనడానికి వచ్చాను. చెక్క పిడి గొడుగు."

ఆవిడ చేయి ఎప్పటిలాగే పై అర వైపు వెళ్ళి, సగంలో ఆగి, మళ్ళీ వెళ్ళింది. గొడుగు దించి, చీరకొంగుతో దుమ్ము తుడిచి, నవ్వు ముఖంతో ఆయన చేతికిచ్చింది.

"నూట ఎనభై సార్. మీకు తెలియనిదేముంది!"

మాస్టారు నూట ఎనభై లెక్కపెట్టి ఇచ్చాడు. ఆవిడ ఒక్క మాట బేరం ఆడలేదు, ఒక్క నిట్టూర్పు విడవలేదు. ఆయన గుండెల మీద నుంచి బరువు దిగిపోయింది. మెట్లు దిగుతూనే బావమరిదికి చెప్పవలసిన వాక్యాన్ని కూర్చుకోసాగాడు. అది పొడవైన వాక్యం. మధ్యలో రెండు అర్ధవిరామాలు కూడా ఉన్నాయి.

వీధి మలుపు తిరగకముందే వాన మొదలైంది. మాస్టారు ఠీవిగా గొడుగు విప్పాడు.

ముందుగా దుమ్ము రాలింది. తరువాత ఒక ఎండిన సాలెపురుగు రాలింది. మడతలు పడిన ఎనిమిది చోట్లా నల్ల గుడ్డ వెలిసి బూడిదరంగు గీతలు తేలాయి. ఆ గీతల్లో మూడింటిలోంచి వాన ఆయన కళ్ళజోడు మీదికి సూటిగా దిగింది. చిట్టచివరగా, ఊచకు దారంతో కట్టిన అట్టముక్క ఒకటి ఆయన ముక్కు ముందు వేలాడుతూ గిరగిరా తిరిగింది. అది ఆగేదాకా ఓపికపట్టి చదివాడు:

"సార్‌కి చూపించేది. అమ్మకూడదు."

మాస్టారు వానలోనే నిలబడి రెండోసారి చదివాడు. అట్టముక్కను తిప్పి చూశాడు. వెనక ఇంకొక పంక్తి ఉంది: "ధర అడిగితే 180 అనే చెప్పాలి."

ఆయన కూర్చుకొన్న పొడవైన వాక్యం అర్ధవిరామాలతో సహా ఎక్కడికో కొట్టుకుపోయింది.

వెనక్కి వచ్చిన మనిషిని, ఆయన నెత్తి మీద కారుతున్న గొడుగును, గొడుగులో ఊగుతున్న అట్టముక్కను దుకాణం ఆవిడ ఒకదాని తరువాత ఒకటిగా చూసి నాలుక కరుచుకొంది.

"అయ్యో, చీటీ తియ్యడం మర్చిపోయానే!"

"అమ్మా, నిజమైన ధర ఎంత?"

"కోప్పడరుగా?"

"లేదు."

"కారణం అడగరుగా?"

మాస్టారికి అర్థం కాలేదు. ఆవిడ స్టూలు తెచ్చి ఆయనను కూర్చోబెట్టి, పొడిగుడ్డ ఇచ్చి, చెప్పడం మొదలుపెట్టింది.

పోయినేడు ఫారానికి కొత్తగా చేర్చిన చివరి గడి పేరు కారణం. ధర ఐదు శాతానికి మించి మారితే ఎందుకు మారిందో అందులో రాసి దుకాణదారు చేత సంతకం చేయించాలని నిబంధన. తక్కిన ఊళ్ళలో నమోదు ఉద్యోగులు "రవాణా" అనో "పన్నులు" అనో ఒక ముక్క గిలికి వెళ్ళిపోతారు. మన మాస్టారు అలా చేయగలిగినవాడు కాడు. ఆయనకు కారణానికి కారణం కావాలి.

"పద్నాలుగు నెలల కిందట గొడుగు మీద పన్నెండు పెరిగింది సార్. చెప్పాను. ఎందుకు పెరిగిందన్నారు. ఊచలు ప్రియమయ్యాయన్నాను. ఊచలెందుకు ప్రియమయ్యాయన్నారు. ఇనుమన్నాను. ఇనుమెందుకన్నారు. నాకేం తెలుసు సార్, నేను గొడుగులమ్ముకునేదాన్ని! గంటా నలభై నిమిషాలు నిలబడ్డారు. ముగ్గురు వచ్చి మిమ్మల్ని చూసి వెళ్ళిపోయారు. బయట కుండపోత వాన. గొడుగుల కొట్టుకి అంతకన్నా మంచి రోజేముంటుంది?"

"నేను... అంతసేపు నిలబడ్డానా?"

"చివరికి పెన్సిలు పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకొని, పోన్లెండమ్మా, పాత ధరే రాస్తాను, కారణం దొరికాక మారుద్దాం అన్నారు. ముఖం ఎంత చిన్నబోయిందో మీది! తప్పు లెక్కలు చేసిన పిల్లాడిలా అయిపోయారు. నాకే పాపమనిపించింది. తర్వాతి నెల మీరు రాగానే పాత ధరే సార్ అన్నాను. మీరు ఒక్క నిమిషంలో రాసుకొని, సంతోషంగా, వెళ్ళొస్తానమ్మా అని వెళ్ళిపోయారు. ఇదేదో అందరికీ బాగుందనిపించింది. కిరాణా షావుకారుకీ చెప్పాను. ఆయన మిగతావాళ్ళకి చెప్పాడు."

"మరి ఈ గొడుగు?"

"చెక్క పిడివి రావడం ఎప్పుడో మానేశాయి సార్. వస్తువు దొరకడం లేదంటే మీరు ఆరు పేజీల ఫారం తీస్తారని షావుకారు భయపెట్టాడు. అందుకని మీ కోసం ఒకటి దాచాను. ఇవాళ కొనడానికి వచ్చానంటే గుండె జారింది. లేదని చెబితే అబద్ధాలకోరుని అయిపోతాను. నూట ఎనభైకే ఇచ్చేశాను."

"ఇప్పుడు మామూలు గొడుగు ఎంత?"

ఆవిడ ఆయన ముఖం వైపు, సంచీ వైపు, చెవిమీది పెన్సిలు వైపు చూసింది. "ముందు మాటివ్వండి."

మాస్టారు ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో మొదటిసారిగా, కారణం అడగనని మాట ఇచ్చాడు.

"రెండు వందల అరవై సార్."

*

ఆ రోజూ, మరునాడూ ఆయన మిగిలిన పది దుకాణాలూ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ ముందుగా "కారణం అడగను" అని ప్రకటించాడు. ఆ మాట వినగానే ధరలు పంజరం తలుపు తీసిన పక్షుల్లా ఎగిరివచ్చాయి.

కిరాణా షావుకారు అయితే ఏకంగా కంటతడి పెట్టాడు. తక్కెడ కింద నుంచి నూనె మరకలు పడిన కాగితం ఒకటి తీసి చూపించాడు. దాని తలకట్టు "ఐదో తారీకు ధరలు".

"పాత ధరలు గుర్తుపెట్టుకోవడమంటే మాటలు కాదు సార్. నాలుగో తారీకున కూర్చుని బట్టీ పట్టేవాణ్ణి. పరీక్షలప్పుడు కూడా ఇంత చదవలేదు. ఒకసారి తడబడి పంచదార రెండు తక్కువ చెప్పాను. గుర్తుందా?"

"తగ్గడానికి కారణం అడిగాను," అన్నాడు మాస్టారు నీరసంగా.

"పెరిగినందుకైతే ఏదో ఒకటి చెబుతాం. తగ్గినందుకు ఏం చెప్పను సార్? ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ భోజనం సహించలేదు."

"ఇన్ని నెలలు నాతో ఇలా... మీకు నా మీద కోపమా షావుకారు గారూ?"

"కోపమా!" షావుకారు నొచ్చుకొన్నాడు. "మీరొచ్చి సార్ అనిపించుకొని వెళ్ళే దుకాణం మాది. మీకు పెరిగిన ధర చెప్పడానికి నోరు రాదు సార్. మీరు కొనరు కాబట్టి పాత ధర చెబితే మాకు పోయేదీ లేదు. ఎవరికీ నష్టం లేదనే అనుకున్నాం."

మాస్టారు ఆ ఫారం ఎక్కడికి వెళుతుందో, ఏమై తిరిగి వస్తుందో, నూలుమిల్లు జీతాలు దేనితో ముడిపడి ఉన్నాయో మొదటిసారిగా షావుకారుకు వివరించి చెప్పాడు. ముప్పై ఒక్కేళ్ళుగా ఆయన అందరినీ ప్రశ్నలు అడిగాడే కాని, తాను ఎందుకు అడుగుతున్నాడో ఎవరికీ చెప్పలేదు.

షావుకారు చేతిలోని కాగితం మెల్లగా కిందికి దిగింది. ఆయన ఖాతాదారుల్లో సగంమంది మిల్లువాళ్ళే. "అందుకా," అన్నాడు, "ఏడాదిగా వాళ్ళు కిలో అడిగేచోట అరకిలో అడుగుతున్నారు? నా బేరాన్ని నేనే కోసుకున్నానా సార్?"

*

శుక్రవారం పదిన్నరకు మళ్ళీ ఆ నలుగురే, ఆ ఫ్యానే. మాస్టారు లేచి నిలబడి బంధుత్వాన్ని పదమూడోసారి తెలియజేశాడు.

మాస్టారు సంతకం లేని ధ్రువీకరణ పత్రాన్ని ఉపసంచాలకురాలి ముందు పెట్టి, దాని పక్కన కొత్త ఫారం పెట్టాడు. ఆమె చదవడం మొదలుపెట్టింది. నలభై రెండు వస్తువుల్లో ముప్పై ఎనిమిదింటి ధర మారింది. ముప్పై ఎనిమిది వరుసల్లోనూ కారణం గడిలో ఒకే మాట ఉంది. "పైదే" అన్న గుర్తు పెట్టడం మాస్టారి దృష్టిలో సోమరితనం కనుక, ముప్పై ఎనిమిదిసార్లూ పూర్తిగా, ఒకే దస్తూరిలో, ఒకే వాలుతో రాశాడు: మొహమాటం.

"మాస్టారూ," అన్నది ఆమె చాలాసేపటికి, "కారణాలకు కోడ్ నంబర్లు ఉన్నాయి. వర్షాభావం ఒకటి, రవాణా రెండు, పన్నులు మూడు. మొహమాటానికి లేదు."

"తొమ్మిది వేశాను మేడమ్. ఇతరములు. తొమ్మిది వేస్తే పక్కన వివరించాలి. అడుగున వివరించాను."

ఆమె అడుగు వైపు చూసింది. "దుకాణదారుల మొహమాటానికి కారణం: నమోదు ఉద్యోగి. ఆయన పద్ధతికి కారణం: ప్రశ్న అడగడం తెలిసి, ఎందుకు అడుగుతున్నాడో చెప్పడం తెలియకపోవడం. ఇంతకుముందు పంపిన పద్నాలుగు ఫారాలు తప్పు. తిప్పి పంపవలసిందిగా మనవి."

అట్టముక్క కాగితానికి గుండుసూదితో గుచ్చి ఉంది. ఆమె అది చదివి పెదవి బిగించింది. నవ్వు ఆపుకోవడానికో, నలభై పేజీలు గుర్తుకొచ్చో, చెప్పడం కష్టం.

"అంటే నా తొమ్మిది కారణాలు?"

"ఒక్కటీ తప్పు కాదు మేడమ్. చాలా శ్రద్ధగా రాశారు. జరగని దానికి రాశారు, అంతే."

ఫ్యాను తన వాదన కొనసాగించింది. తరువాత ఉపసంచాలకురాలు తన నివేదికను మూసి, బోర్లించి, దాని మీద మోచేయి ఆనించింది.

"తొమ్మిది దేశాల వాళ్ళ ముందు నిలబడి ఈ ఊరిని చూసి నేర్చుకోమని చెప్పబోయాను," అన్నది. "వాళ్ళలో ఎవరైనా ఇక్కడికి వచ్చి ఒక గొడుగు కొని ఉంటే!"

"పద్నాలుగు నెలల బకాయిలతో సహానా?" అన్నాడు అకౌంటెంటు సన్నగా. ఆయన అప్పటికే కాగితం మీద గుణకారం మొదలుపెట్టాడు.

"సూచీ తిరిగి లెక్కకట్టాలి. భత్యం దాని ప్రకారం. బకాయిల సంగతి పై వాళ్ళు తేలుస్తారు. మూడేళ్ళ మాట మాత్రం ఇక లేదు." ఆమె మాస్టారి వైపు తిరిగింది. "మీకు సంజాయిషీ నోటీసు వస్తుంది. నేనే పంపాలి. తెలుసుగా?"

"తెలుసు మేడమ్. జవాబు రాసే ఉంచాను."

ఆమె ఈసారి నవ్వు ఆపుకోలేదు. "సంతకం చెయ్యండి."

మాస్టారు కార్బను కాగితం సరిచూసుకొని సంతకం చేశాడు. ఆమె అసలు ప్రతిని, అట్టముక్కతో సహా, తన సంచీలో పెట్టుకొంది.

మెట్లు దిగుతూ బావమరిది ఆయన భుజం మీది సంచీ తీసి తన భుజాన వేసుకొన్నాడు. ఇరవై మెట్ల దాకా నోరు విప్పలేదు. అది అతనికి ఎంత కష్టమో మాస్టారికి తెలుసు.

"పద్నాలుగు ఫారాలూ తిరిగొస్తాయి కదా బావా?"

"వస్తాయి."

"మోయడానికి పద్దెనిమిది వందల మందిని పంపుతాలే."

*

ఆ సాయంత్రం మాస్టారు కార్బను ప్రతిని బల్ల మీద పరిచి, భార్యను పిలిచి, ఇంటి ఖర్చు వచ్చే నెల నుంచి పెంచుతున్నట్టు ప్రకటించాడు.

ఆమె చేతులు కట్టుకొంది. "కారణం?"

"ఏమిటీ?"

"ఐదు శాతానికి మించితే కారణం ఉండాలి కదండీ. నేను ఊరికే తీసుకోను."

ఆయన కారణం గడి చూపించాడు. ఆమె ముప్పై ఎనిమిదిసార్లూ చదివింది. అడుగున ఉన్న వివరణను రెండుసార్లు చదివింది. ఆమె వేలు సంతకం దగ్గర ఆగింది.

"ఇది మసిగా ఉంది. కార్బను సంతకం ఆఫీసులో చెల్లుతుందేమో, నా దగ్గర చెల్లదు."

మాస్టారు చెవిమీది పెన్సిలు తీయబోయి, మానుకొని, పెన్ను తెచ్చుకొని, మసక సంతకం మీదనే మళ్ళీ తేటగా సంతకం పెట్టాడు. ఆమె ఊది ఆరబెట్టింది. పెద్ద గ్లాసులో టీ పోసి ఆయన ముందు ఉంచింది. తరువాత ఆ కాగితాన్ని నిలువుకు ఒక మడత, అడ్డంగా రెండు మడతలు పెట్టి, కడిగి తుడిచిన చిన్న గ్లాసులో దూర్చి, పీట వేసుకొని ఎక్కి, గ్లాసుతో సహా అలమర పై అరలో పెట్టేసింది.